మడతపెట్టిన గొంగడి

చేవెళ్లకు నేను చేరింది సాయంత్రం వానలో. మొయినాబాద్ నుంచి చేతులు వెనక్కి కట్టి నడిపించుకుంటూ తెచ్చారు. పంతొమ్మిది వందల నలభై ఎనిమిది, వానాకాలం. పల్టన్‌లో, అదే ఇంగ్లీషువాళ్ల సైన్యంలో, ఎక్కడికి పంపినా చేరగానే ముందు చోటు చూసుకోమనేవారు. చూసుకున్నాను. ఆముదాల గోదాం. ఒకటే తలుపు, పైన చిన్న కిటికీ. నేల తడి. మనిషికో గొంగడి, రేకు గ్లాసు.

మీరంతా బర్మా యుద్ధం చెప్పమంటారు. బర్మాలో భయపడ్డాను, దాచేదేముంది? కానీ అక్కడ చేతిలో తుపాకీ ఉంది, పక్కన మనవాళ్లున్నారు. మా ఊరు చిన్న మంగళారానికి ఇంత దగ్గర్లో, చేవెళ్లలో పడ్డ భయం వేరు.

యుద్ధం అయ్యాక పల్టన్ నన్ను వదిలేసింది. షోలాపూర్ మిల్లులో పనికి కుదిరాను. ఇంతలో నిజాం రాజ్యానికీ ఇండియాకూ మధ్య హద్దు బిగిసింది. అటువైపు సిపాయిగా చేసినవాడు తిరిగొస్తే ఊళ్లలో కుర్రాళ్లకు తుపాకీ నేర్పుతాడని ఇక్కడి సర్కారుకు గుబులు. ఊళ్లో గొడవలు పెరిగాయని కబురొచ్చింది. ఇంట్లో అవ్వ, చెల్లె ఇద్దరే. వెళ్లక తప్పలేదు. బూట్లు, పల్టన్ కాగితాలు షోలాపూర్‌లోనే వదిలేశాను. జొన్న చేలలో వంగి నడిచి హద్దు దాటాను. ఇవతల రైలెక్కి శంకర్‌పల్లిలో దిగాను. ఇంటి దారిలో గస్తీవాళ్లకు దొరికాను.

చేవెళ్ల పోలీసు ఠాణాకు పెద్ద అమీన్. ఆయన ఒక్కటే అడిగాడు.

"పల్టన్ల చేసినవా?"

"లేదు సాబ్. మిల్లు కూలోన్ని."

"పొద్దుగాల లారీ వస్తది. అబద్ధమని తేలిందా, నువ్వు ఎక్కుడే."

గోదాంలో నా పక్కన అంజయ్య. ఎంకపల్లిలో కూరగాయలు పండించుకునేవాడు.

"నిన్న ఒక పిలగాన్ని నడుముకు పల్టన్ బెల్టున్నదని తీస్కపోయిండ్రు," అన్నాడు. "ఏడికో ఎవ్వలకు తెల్వదు. జర పైలం, తమ్మి."

ఒళ్లంతా తడుముకున్నాను. బెల్టు లేదు, బూట్లు లేవు. నన్ను పట్టిచ్చేది ఏదీ లేదనుకుని పడుకున్నాను.

తెల్లవారగానే బయట విజిల్ ఊదారు. కళ్లు సరిగ్గా తెరుచుకోకముందే చేతులు పని మొదలుపెట్టాయి. గొంగడి నాలుగు మడతలు. అంచులు సమానం. మడత తలుపువైపు. పైన గ్లాసు బోర్లించాను. ఆరేళ్ల అలవాటు మరి. మా ఊళ్లలో గొంగడిని అట్లా ఎవడు పెడతాడు? భుజాన పడేసుకుంటాడు, లేదంటే మూలకు తోస్తాడు. అంజయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. విప్పేద్దామని వంగేలోపే తలుపు గొళ్లెం తీశారు.

ముందు జమాదార్ వచ్చాడు. తెల్ల మీసాల మనిషి, కాపలావాళ్లకు పెద్ద. వెనక వరండాలో అమీన్ బూట్ల చప్పుడు. జమాదార్ గొంగడిని చూశాడు. నన్ను చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన బూటుకాలితో గొంగడిని ఒక్క తన్ను తన్నాడు. మడత విడిపోయింది. గ్లాసు గోడదాకా దొర్లింది.

"దున్నపోతు లెక్క నిలబడ్డవేంది? తియ్యి, దులుపు," అని గట్టిగా కసిరాడు.

వంగి తీస్తుంటే చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "మా పల్టన్ల గూడ గిట్లనే పెట్టేది, బిడ్డా. నోరు తెరవకు."

అమీన్ లోపలికొచ్చాడు. "పల్టనోళ్లు ఎవలన్న ఉన్నరా?"

"లేరు సాబ్. అందరు కూలోళ్లే."

మధ్యాహ్నం నన్నూ అంజయ్యనూ వదిలారు. ఇల్లు చేరేదాకా వెనక్కి చూడలేదు. అవ్వ ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. ఆ రోజు నుంచి నేను పడక మడతపెట్టను. నీకిదేం రోగమని మా ఇంటామె ఇప్పటికీ సణుగుతుంది.

వానలు వెనకపట్టేసరికి సర్కారు మారింది. ఇండియా పల్టన్లు వచ్చాయి. సిపాయినని చెప్పుకుంటే సలాం కొట్టే రోజులొచ్చాయి. పాత సర్కారు మనుషుల్ని చేవెళ్ల గోదాంలో పెట్టారని, అందులో జమాదార్ ఉన్నాడని అంజయ్య వచ్చి చెప్పాడు. ఆయన నన్ను కాపాడాడని నేను చెబితే వింటారనుకున్నాను. పరుగులాంటి నడకతో వెళ్లాను.

గోదాం తలుపు బార్లా తెరిచి ఉంది. ఒకతను వాకిలి ఊడుస్తున్నాడు.

"పొద్దుగాల్నే లారీల తీస్కపోయిండ్రన్నా," అన్నాడు. "ఏడికో తెల్వదు."

లోపలికి వెళ్లాను. నేలంతా గొంగళ్లు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. మూలన ఒకటి మాత్రం నాలుగు మడతలు, అంచులు సమానం, మడత తలుపువైపు. పైన రేకు గ్లాసు బోర్లించి ఉంది.