లాభం తరవాత రెండు

ఆ రోజుల్లో లెక్కల పుస్తకంలో అచ్చయిన వాక్యాన్ని ఎవరైనా అనుమానిస్తే, అనుమానించినవాడి బుర్రలోనే తేడా ఉందని తీర్మానించేసేవారు. ఆ వాక్యం రాసిన మహానుభావుణ్ణి మాత్రం ఒక్కరూ నిలదీసేవారు కాదు. ఆయనెవరో నాకు తెలియదు. తెలిస్తే ఈ వయసులో కూడా వాళ్లింటికెళ్లి దులిపేసి వస్తాను. ఆయన రాసిన ఒక్క ముక్క వల్ల నా చదువు ఐదో తరగతితో ఆగిపోయేది మరి!

మాది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. చెరుకూ వరీ పండించుకునే ఇల్లు. ఊళ్లో బడి ఐదు వరకే. ఆరులో చేరాలంటే అనకాపల్లిలో హాస్టలున్న బడికి వెళ్లాలి. అక్కడ హెడ్మాస్టరుగారు నోటిపరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లనే చేర్చుకునేవారు. (పిల్లలు ఆయన్ని చాటుగా గుండుసున్నా మాస్టారు అనేవారు. ఆయన తలను చూసి పెట్టారో, ఆయన వేసే మార్కులను చూసి పెట్టారో నేను అడగలేదు.) మా నాయనమ్మ ముందే తేల్చి చెప్పేసింది: "సీటొత్తే సదువుకోమను. రాపోతే దూడల్ని కాసుకోమను." దూడలంటే నాకు ముద్దే గాని, జీవితాంతం కాసేంత ముద్దు లేదు. అందుకని లెక్కల పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా బట్టీ పట్టేశాను.

పరీక్షనాడు మా నాన్న భుజం మీద తువ్వాలుతో గుమ్మంలో నిలబడ్డాడు. "సహజ సంఖ్యలు అనగానేమి?" అన్నారు మాస్టారు. "వస్తువులను లెక్కపెట్టుటకు మనం ఉపయోగించు సంఖ్యలను సహజ సంఖ్యలు అందురు," అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. ఆయన ముఖం వెలిగింది. "మరి సున్న ఎందుకు కాదు?" అన్నారు. అది పుస్తకంలో లేదు. ఆయనే జాలిపడి, "సున్నా అని ఎవరైనా లెక్క మొదలెడతారా? మొదలెట్టరు. అందుకు కాదు. సరే, అన్నిటికన్నా చిన్న సహజ సంఖ్య ఏది?" అన్నారు.

"రెండండి," అన్నాను ధీమాగా.

"ఒకటేమైపోయిందే?"

"ఒకటని కూడా ఎవరూ మొదలెట్టరండి. లాభం అంటారండి."

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏముందో మీరే చెప్పండి. మా ఇంట్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'లాభం' అనే పిలుస్తారు. ఆ తరవాత రెండు, మూడు. ఒకసారి నేను నోరుజారి 'ఒకటి' అన్నానని, నాయనమ్మ పోసిన గింజలన్నీ వెనక్కి పోయించి మళ్లీ మొదటి నుంచి కొలిపించింది. ఒకటి అని మొదలుపెడితే ఒకటి దగ్గరే ఆగిపోతామట!

మాస్టారికి మాత్రం అది పొగరులా వినిపించింది. "ఈ పిల్లకి సీటు లేదు, తీసుకుపోవయ్యా," అన్నారు. నా కళ్లముందు దూడలు వరసకట్టాయి. ఎప్పుడూ మాస్టార్ల ముందు నోరెత్తని మా నాన్న, గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడు. "తప్పేటండి బాబూ? మాకాడ ఎవులూ ఒకటనరండి. పుస్తకంలో మనం అనే రాసేరు కదండీ. మనం అంటే మేం కామేటండి?" అన్నాడు.

మాస్టారికి పౌరుషం వచ్చింది. హాస్టలు వంటగదిలోంచి బియ్యం బస్తా, కుంచం తెప్పించారు. "లెక్కంటే ఎలా ఉంటుందో కళ్లారా చూసుకోండి," అని చొక్కా చేతులు మడిచి, కుంచం నిండా ముంచి, చేత్తో తలగొట్టి చదును చేసి, గంపలో పోస్తూ గట్టిగా అన్నారు:

"లాభం!"

మా నాన్న తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు (నవ్వు దాచుకోవడానికే). నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. "చూశారా అండీ!" అనేశాను. ఆయన కుంచాన్ని కింద పెట్టి, "మాయమ్మ అలవాటు," అన్నారు నెమ్మదిగా. సీటిచ్చారు. ఆ ప్రశ్నకి మాత్రం అర మార్కే వేశారు. మిగతా అర ఏదండీ అంటే, "బళ్లో ఉన్నంతసేపూ ఒకటే అను, తల్లీ," అన్నారు. ఇదెక్కడి న్యాయం? ఆ అర మార్కు కోపం నాకింకా చల్లారలేదు.

మొన్న ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి పుస్తకం తిరగేస్తే, అదే వాక్యం! ఇన్నేళ్లయినా దిద్దుకోలేదు! "ఏటిది? ఎవరిని అడిగి రాశారు?" అని కేకలేశాను. అది కుక్కర్లోకి గ్లాసుతో బియ్యం కొలుస్తూ, "తప్పేముందమ్మా? మనం ఒకటి నుంచే కదా లెక్కపెడతాం?" అంది. మనమా, అని కసురుకోబోయి ఆగిపోయాను. నిజమే. ఈ ఇంట్లో ఒకటి తప్ప దాని చెవిన ఇంకేం పడింది గనక? దాని ముందు నేనెప్పుడు లాభం అన్నాను? ఆ మహానుభావుడు తన వాక్యం దిద్దుకోలేదు సరే, మేమే దానికి సరిపోయేలా తయారయ్యాం. ఏడుపొచ్చినంత పనైంది.

కుక్కర్లో బియ్యం తిరిగి డబ్బాలో పోసేశాను. గ్లాసు నింపి దాని చేతికిచ్చి, "లాభం అను," అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "లాభం," అంది. తరవాత గ్లాసుకి తనంతట తనే, "రెండు," అంది. ప్రాణం లేచి వచ్చింది.

"మరి పరీక్షలో చిన్న సంఖ్య ఏదంటే ఏం రాయనమ్మా?"

"ఒకటనే రాసెయ్, ఎందుకొచ్చిన గొడవ," అన్నాను చప్పున. అని, నాలో నేనే నవ్వుకున్నాను. గుండుసున్నా మాస్టారి ఎదుట ధీమాగా రెండు అన్న ఆ పల్లెపిల్ల ఇప్పుడు మా వంటింట్లో ఉంటే, నాకు అర మార్కు కూడా వేసేది కాదు.