పెళ్లిచీరలో ఇంగ్లీషు కచేరీ

గద్వాల చీరను మడిచి అగ్గిపెట్టెలో పెట్టొచ్చని ఊరూరా గొప్పగా చెప్పుకుంటారు. నేను నేసిన ఒక చీర మాత్రం అగ్గిపెట్టెలో కాదు, ఎడ్లబండిలో కూడా పట్టేది కాదు. ఎందుకంటే అందులో ఒక ఇంగ్లీషు కచేరీ మొత్తం ఉంది, డప్పులు, కేకలు, ఈలలతో సహా. అది నా కొంప ఎట్లా ముంచిందో చెబుతాను. నవ్వడానికి మీరేమీ మొగమాటపడకండి, మా వీధివాళ్లు అప్పుడే కడుపునిండా నవ్వారు.

నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టే రాస్తాను, అక్కడక్కడ కాస్త ఎక్కువ చేసి.

వరదకు అలంపూరు మునిగిన ఏడాదికి ముందటి ఎండాకాలం అది. నేనూ నా మొగుడు తిమ్మప్పా గుంట మగ్గం మీద కూర్చునేవాళ్లం. మా చీర ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నడిమి బట్ట నూలు, అంచు పట్టు. ఆ రెండు పోగులనూ వరసవరసకూ మెలేసి కలపాలి. ఎడమ అంచూ నడిమి బట్టా నావి, కుడి అంచు ఆయనది. కాపురంలో ఎవరి దారి వాళ్లదైనా మగ్గం మీద మాత్రం మొగుడూ పెళ్లాం ఒక్క తీరుగా నడవాలి.

ఏళ్ల తరబడి సన్నంచు చీరలే నేశాం. ఆ ఏడు షావుకారు, అంటే నూలూ పట్టూ ఇచ్చి మాతో నేయించుకునే పెద్దమనిషి, మొదటిసారి పెళ్లిచీరకు నిలువు పోగులు, అదే పడుగు, మా ఇంటికి తెచ్చాడు. నాగర్‌కర్నూలు డాక్టరమ్మ ఒకామె తన పెళ్లికని రంగు చెప్పి, అంచు చెప్పి చేయించుకుంటున్న చీర.

"జములమ్మా, గీ చీర మంచిగ దిగితే ఇగ పెండ్లి పడుగులన్నీ మీకే," అన్నాడు షావుకారు. "చెడిందనుకో, సన్నంచు గూడ ఇయ్య. టవాలలు నేసుకుంట కూసుంటరు."

"మా చేతుల ఎన్నడన్న చెడిందా సావుకారీ," అన్నాను రొమ్ము విరుచుకుని. అప్పటికి నాకు ఇంగ్లీషు పాటగాళ్లతో పరిచయం లేదు.

వాళ్లు మా ఇంటికి వచ్చింది మా అక్క కొడుకు రఘు సంచిలో. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివేవాడు. జుట్టు కళ్ల మీద పడి, ముందు నుంచి చూస్తే వెనక నుంచి చూసినట్టుండేవాడు. హాస్టలు మూశారని తన సీడీ ప్లేయరూ, మేకపిల్లలంత స్పీకర్లూ తెచ్చి మా మగ్గం పక్కన దించాడు. ఒక సీడీ పెట్టాడు. దాని అట్ట మీద నలుగురు మనుషులు పంట పోయినవాళ్ల మాదిరి నేల చూపులు చూస్తున్నారు.

"ఇదేం పాటరా?" అన్నాను. "రేషన్ డీలరు లైన్ల నిలబడ్డోళ్లను తిట్టినట్టుంది."

"గిది పోస్ట్ పంక్, చిన్నమ్మా."

"అంటే ఏంది?"

"ముందుగాల పంక్ అని వచ్చె. మస్తు కోపం పాటలు. ఆ కోపం జర సల్లారినంక వచ్చింది పోస్ట్ పంక్."

"సల్లారినంకనే గిట్ల మొత్తుకుంటుండంటే, కోపం మీదున్నప్పుడు పక్కింటోళ్లు ఎట్ల బతికిండ్రురా?"

తిమ్మప్ప చెవి స్పీకరు దగ్గర పెట్టాడు. "ఎన్క ఎవడో ఒక్కటే తీగ కొడుతుండు. బర్రె తొట్టికాడ మూలిగినట్టుంది."

"అది బేస్ గిటారు, చిన్నాయినా. దాని మీదనే పాటంత నిలబడతది."

"నిలబడనీ. జర కూసుంటే నేను పండుకుంట."

రఘుకు పౌరుషం వచ్చింది. "మీకు తెల్వదు. ఇది గదిల తలుపులు మూసుకోని, మల్ల మల్ల దిద్దుకుంట చేసింది గాదు. జనం ముంగట పాడింది పాడినట్టే సీడీల ఎక్కించిండ్రు, లైవు అంటరు. తప్పులు గూడ తీసెయ్యలేదు. ఇగో, ఇను."

విన్నాను. పాట మొదలైంది. ఎవడో అడ్డదిడ్డంగా కొట్టాడు. పాట ఆగిపోయింది. వాడు నవ్వాడు, పక్కవాడు ఏదో అన్నాడు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. దానికి జనం ఇల్లు ఎగిరిపోయేట్టు చప్పట్లు కొట్టారు.

అడ్డపోగును అటూ ఇటూ దాటించే నాడె నా చేతిలో ఆగిపోయింది. మేం పోగు తెగితే గుట్టుగా ముడేసి, ఆ ముడిని ఎవరి కంటా పడకుండా నలిపి, పైగా దేవుడికి దండం పెట్టుకుంటాం. ఈ మహానుభావులు ముడిని ఊరంతటికీ చూపించి, అది చూపించినందుకే మెప్పు పొందుతున్నారు. ఎంత ధైర్యం, ఎంత సుఖం అనిపించింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, సిగ్గైనా సరే. ఆ చప్పట్లు నన్ను పట్టుకున్నాయి. నేతగత్తెకు ఎవరూ చప్పట్లు కొట్టరు. చీర దిగితే షావుకారు తప్పెక్కడుందా అని వెతుకుతాడు. కట్టుకున్నామె బాగుంటే ఆమె ఒళ్లు మంచిదంటారు, బాగాలేకపోతే చీర మంచిది కాదంటారు. ఇక్కడ చూస్తే నేను ఒక జానెడు నేసేసరికి పాట అయిపోయి, వేలమంది ఒక్కసారి కొట్టారు. ఎవరికోసం కొట్టారో నాకు తెలియదా? తెలుసు. అయినా నాకోసమే అనుకున్నాను. మీరైతే అనుకోరా?

రఘు వనపర్తిలో స్నేహితుడి దగ్గరికి బయలుదేరుతుంటే, "ఆ సీడీ, ఆ డబ్బాలు ఉండనియ్యిరా," అన్నాను. వాడు నా కాళ్లు మొక్కినంత పని చేశాడు. హైదరాబాదులో కూడా వాడి పాటను మెచ్చినవాళ్లు లేరట.

మర్నాటి నుంచి మా మగ్గానికి ఆ డ్రమ్ములవాడే మేస్త్రీ అయ్యాడు. వాడు ధడ్ అంటే నేను పోగును బిగించే మగ్గం పలకతో ధడ్. మొదట్లో నెమ్మదిగానే కొట్టేవాడు. జనం కేకలేసేకొద్దీ వాడికి పూనకం వచ్చేది, వాడితోపాటు నాకూ. నేతలో ఉన్న విద్య అంతా ఒకటే తీరు దెబ్బ వేయడంలో ఉంది. గట్టిగా కొడితే బట్ట దిట్టమవుతుంది, మెల్లగా కొడితే జల్లెడలా పలచనవుతుంది. చిన్న పిల్లకు కూడా తెలిసిన ఈ విషయం నాకు ఆ పది పన్నెండు పాటల ముందు గుర్తు రాలేదు.

"ఏమే, జర మెల్లగ," అనేవాడు తిమ్మప్ప, కుడి అంచు పట్టుకుని రొప్పుతూ. "నా నాడె దాటేటాల్లకే నువ్వు కొట్టేస్తున్నవు."

"నేనేం జెయ్యాలె? వాడు ఆగుత లేడు."

"వాడెవడే మన పడుగు మీద?"

"నువ్వు బర్రె మూల్గు ఇడిసిపెట్టి డ్రమ్ము ఇను. అందుకుంటవు."

పాపం, విన్నాడు. రెండు పాటలకు ఆయన తల కూడా ఊగడం మొదలుపెట్టింది. కోపపు పాటకు అంచును బిగించేవాడు, ఏడుపు పాటకు వదిలేసేవాడు. మొగుడూ పెళ్లాం ఒక్క తీరుగా నడవాలన్నాను కదా, నడిచాం, ఇద్దరం ఒకే బావిలోకి.

పాట అయిపోగానే నేను చేతులాపి చప్పట్లు పూర్తిగా వినేదాన్ని. ఎవరూ లేనప్పుడు తల కాస్త వంచేదాన్ని కూడా. మగ్గం ఆపితే పడుగు బిగువు సడలించాలి, మళ్లీ కూర్చున్నప్పుడు సరిచూసుకోవాలి. లేకపోతే ఆపినచోట అడ్డగీత పడుతుంది. చప్పట్లు అందుకునే మనిషికి బిగువు ఎక్కడ గుర్తుంటుంది?

ఒకరోజు పక్కింటి మహదేవమ్మ బిందెడు నీళ్లతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది జములమ్మా? ఇంట్ల అంత మంది మొత్తుకుంటున్నరు, అగ్గి పడిందా?"

"లేదక్కా. పాట అయిపోయింది. మెచ్చుకుంటున్నరు."

"ఎవరిని?"

నేను కొంగు సర్దుకున్నాను. మహదేవమ్మ తిమ్మప్ప వైపు చూసింది. తిమ్మప్ప పైకప్పు వైపు చూశాడు. ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా జములమ్మకు గాలి సోకిందని వీధంతా తెలిసింది.

ఇంకా అన్యాయం వినండి. ఆ ఎండల్లో కరెంటు ఎప్పుడు పోయేదో ఎప్పుడు వచ్చేదో దేవుడికే తెలియాలి. కరెంటు పోతే పాట ఆగేది. పాట ఆగితే నేను ఆగేదాన్ని.

"చేతిమగ్గానికి కరెంటెందుకే?" అన్నాడు తిమ్మప్ప.

"పాట సగంల ఉంది. మధ్యల ఎట్ల నేస్త?"

చేతిమగ్గానికి కరెంటు కోత తెచ్చిన మొదటి మనిషిని నేనే. ప్రభుత్వానికి కూడా ఇంత తెలివి రాలేదు.

బట్ట నేసింది నేసినట్టే ముందున్న దోనె కర్రకు చుట్టుకుపోతుంది కాబట్టి మొత్తం ఎట్లా ఉందో కనబడదు. అయినా తిమ్మప్పకు ఒకసారి అనుమానం వచ్చింది. "అడ్డం గీతలు గనబడుతున్నయే."

"గంజి వెడితే పోతయి."

"పోకుంటే?"

"పోకుంటే ఉంటయి. తప్పు తీసెయ్యనోడే మొనగాడని రఘు చెప్పిండు గద."

చీర దిగింది. షావుకారు దుకాణానికి ఇద్దరం తీసుకుపోయాం. ఆయన చీరను విప్పి, గుమ్మం దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఒక చివర నుంచి ఇంకో చివరకు జరుపుతూ చూశాడు.

"జములమ్మా," అన్నాడు చివరికి, "ఈడ గోనెసంచి. ఈడ దోమతెర. మల్ల గోనెసంచి. నడుమ నడుమ గీతలు. ఏందిది?"

వెలుతురులో నాకు మొత్తం కనబడింది. మొదటి పాట, దాని తర్వాత గీత. రెండో పాట, గీత. కరెంటు పోయిన చోట రెండు గీతలు. పల్లూ దగ్గర, జనం పట్టుబట్టి వెనక్కి పిలిస్తే వచ్చి పాడిన పాట, గొంగడి కన్నా దిట్టంగా ఉంది. అది చీర కాదు, సీడీని నిలువునా పరిచినట్టుంది. అక్కడ నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

"ఇది లైవు, సావుకారీ," అన్నాను.

"ఏంది?"

"జనం ముంగట పాడినట్టు. దిద్దకుండ ఉన్నదున్నట్టు నేసిన. దొరల దేశంల గిట్లనే చేస్తరంట. తప్పుల్నే అందమంటరంట."

షావుకారు తిమ్మప్ప వైపు తిరిగాడు. "తిమ్మప్పా, దవాఖానకు ఎప్పటిసంది తీస్కపోతున్నవు?"

"ఇంగ తీస్కపోలేదు సావుకారీ."

"తీస్కపో. దొరల దేశపోళ్లు పాడి ఇంటికి పోతరమ్మా. ఇది కట్టుకోని ఆ డాక్టరమ్మ పెండ్లిల రోజంత నిలబడాలె. ఆమె తప్పేం జేసింది?"

చీరను నేనే మడిచి చంకన పెట్టుకున్నాను. డాక్టరమ్మకు వేరే మగ్గం మీద దిగిన చీర పంపారు. పెళ్లి పడుగులన్నీ మా ఎదురు వీధికి పోయాయి. షావుకారు మాట తప్పే మనిషి కాదు, మాకు టవాళ్ల పడుగు వచ్చింది. ఆ వానాకాలమంతా నేనూ తిమ్మప్పా ప్రపంచంలోకెల్లా విచారకరమైన టవాళ్లు నేశాం.

దసరాకు రఘు వచ్చాడు. దండెం మీద ఉన్న చీరను చూసి, చేత్తో తడిమి, కళ్లు ఇంతింత చేశాడు.

"చిన్నమ్మా, గిది ఆ సీడీయే గద. ఇగో, మూడో పాట. తప్పు కొట్టి ఆగింది ఈడనే. అబ్బ, నాకియ్యి, హాస్టలు గోడకు గడత."

"గోడకు నిన్ను గడతరా. పెండ్లి పడుగులు పాయె, గా పాటగాళ్లను నమ్మినందుకు. ఆళ్లకైతే తప్పు జేసినా చప్పట్లు గొట్టిరి, మాకెందుకు గొట్టకపాయిరి?"

రఘు బుర్ర గోక్కున్నాడు. "చప్పట్లంటే, చిన్నమ్మా... మొన్న ఒకాడ చదివిన. ఆ రోజు జనం శాన తక్కువొచ్చిండ్రంట. చప్పట్లు సరిగ ఎక్కలేదని, ఎన్కనుంచి వేరేకాడికెల్లి తెచ్చి కలిపిండ్రంట."

నేను తల వంచి పెట్టిన దండాలన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి. తిమ్మప్ప టవాలు పడుగు ముందు నుంచి నెమ్మదిగా తలెత్తాడు.

"అంటే," అన్నాడు, "మనకు చప్పట్లు గొట్టినోళ్లు గూడ కూలికొచ్చినోళ్లేనా?"

కాబట్టి చదువరులారా, మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఏ దేశపు పాటకూ నా నాడె ఊగదు. ఎవరు చప్పట్లు కొట్టినా, ఎన్ని వేలమంది కొట్టినా, లేచి చూసి, తలలు లెక్కపెట్టుకున్నాకే దండం పెడతాను.