సామేలు సార్ చూసిన పచ్చ గుర్తు

పోయిన నెల ఒకామె పాత కంప్యూటర్ ఒకటి ఆటోలో తెచ్చి, అందులో ఉన్న పెళ్లి ఫోటోలు తీసిమ్మని అడిగింది. షాద్‌నగర్‌లో నాది ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే చిన్న షాపు. స్విచ్ వేయగానే లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి, వెంట్రుకలు కాలినట్టు వాసన వచ్చింది. కాసేపటికి తెర వెలిగింది. దాని మీద తేదీ ఎన్నో ఏళ్ల కిందటిది. లోపలుండే చిన్న బ్యాటరీ అయిపోతే ఏ కంప్యూటరైనా అంతే, తేదీ మరిచిపోతుంది. సరిచేద్దామని మౌస్ పట్టుకున్నాను. మళ్లీ వదిలేశాను. ఆమె "ఏమైంది అన్నా, ఫోటోలు పోయినయా?" అని భయపడింది. "పోలేదమ్మా" అన్నాను. తేదీ తప్పుగా ఉన్న కంప్యూటర్‌ను చూసినప్పుడల్లా నాకు సామేలు సార్ గుర్తుకొస్తారు. ఆయన గురించి కల్వకుర్తిలో చాలామంది ఒక అబద్ధం నమ్మారు. ఆ అబద్ధం చెప్పింది నేను.

సార్ నాకు మొదట టైపింగ్ నేర్పిన గురువు. కల్వకుర్తి బస్టాండ్ వెనక రేకుల గదిలో ఎనిమిది మిషన్లు పెట్టుకుని ఊళ్లో సగం మందికి వేళ్లు తిప్పడం నేర్పారు. ఆయన తల్లిదండ్రులు కూలికి పోయి బతికినవాళ్లు, ఊరవతల దళితవాడలో ఇంటర్ దాటిన మొదటి మనిషి ఆయనే. టైపు మిషన్ల కాలం అయిపోయాక పాడైన కంప్యూటర్లు తెచ్చి, విప్పి, మళ్లీ బిగించి, ఎవరూ చెప్పకుండానే ఆ పని నేర్చుకున్నారు. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు నేను ఎరువుల దుకాణం పైన పది కంప్యూటర్లతో గేమింగ్ సెంటర్ పెట్టినప్పుడు, ఆయన్నే పిలిచి పనిలో పెట్టుకున్నాను. అందరి ముందు నన్ను నవ్వుతూ "సేఠూ" అని, ఎవరూ లేనప్పుడు "మల్లేశూ" అని పిలిచేవారు.

ఆ సెంటర్‌కు పెద్ద పీడ అప్‌డేట్లు. పిల్లలు పదిమంది మాట్లాడుకుని వచ్చేవాళ్లు, ఆట తెరిస్తే కొత్తది దించుకుంటే గానీ నడవనని మొండికేసేది. మా నెట్ వేగానికి అది మూడు గంటల పని. పిల్లలు కాసేపు కూర్చుని లేచిపోయేవాళ్లు. సార్ నాలుగు రోజులు వెతికి ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చి కౌంటర్ కంప్యూటర్‌లో వేశారు. మన దగ్గరున్న ఆటలన్నీ వరుసగా చూపిస్తుంది. కొన్ని గంటలకోసారి తనే నెట్‌లో వెతికి, మన ఆట కొత్తదే అయితే ఎదురుగా పచ్చ గుర్తు, అప్‌డేట్ వచ్చి ఉంటే పసుపు, ఏమీ తెలియకపోతే ఎరుపు పెడుతుంది. పసుపు కనబడగానే సార్ ఒక కంప్యూటర్‌లో దించి, మిగతా వాటికి కాపీ చేసేవారు. పిల్లలొచ్చేసరికి అన్నీ సిద్ధం.

"ఇది మన కావలిమనిషి సేఠూ" అన్నారు మొదటిరోజు. "కానీ కావలిమనిషికి గూడ కునుకు వడ్తది. నువ్వు అప్పుడప్పుడు మంచం దిగి జర చూస్కోవాలె."

ఒకసారి ఒక ఆట ఎదురుగా వారం రోజులు ఎరుపే ఉంది. నేను విసుగొచ్చి, మొత్తం తీసేసి మళ్లీ వేద్దామన్నాను.

"తీసి పారేసుడు గూడ మరమ్మతేనా? పన్ను గుంజుతాందని తలకాయ తీస్తమా?" అన్నారు సార్. తర్వాత నా వైపు తిరిగి, "గీ ఆటను నువ్వేమన్న కదిలిచ్చినవా?" అని అడిగారు.

"జాగా సరిపోతలేదని వేరే డ్రైవుల పెట్టిన సార్."

"మరి నువ్వు దానికి చెప్పినవా? అది పాపం పాత ఇంటికే పోయి తలుపు కొడ్తాంది."

నవ్వుతూనే కొత్త చోటు చూపించారు. అరనిమిషంలో పచ్చ గుర్తు వచ్చింది. అప్పుడు కూడా ఆయన ఊరుకోలేదు. ఆట తెరిచి, రెండు నిమిషాలు ఆడి, ఓడిపోయి, "ఆ, ఇప్పుడు ఒప్పుకుంట" అన్నారు. తెర మీద గుర్తును చూసి పని అయిందనుకోవడం ఆయనకు చేతకాదు. తెలిసిన విషయాన్ని కూడా మరోసారి చూడటం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకుని కూడా ఆయన్ని ఏం చేశానో చెప్పాలి.

దసరా సెలవుల్లో పోటీ పెట్టాలనుకున్నాను. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ నుంచి కూడా పిల్లలు పేర్లిచ్చారు. ప్రారంభించడానికి ఊళ్లోని ఒక ప్రైవేటు కాలేజీ పెద్దమనిషిని పిలిచాను. ఆయన తన కాలేజీ కంప్యూటర్ ల్యాబును సార్‌కు అప్పగిస్తానని అంతకుముందే మాటిచ్చి ఉన్నాడు. సార్ ఆ ఉద్యోగం మీద ఎంత ఆశ పెట్టుకున్నారో నాకు తెలుసు. "మల్లేశూ, రిజిస్టర్ల సంతకం పెట్టే కొలువు ఒక్కటన్న చేసి పోవాలె" అని ఒకరోజు చాయ్ తాగుతూ అన్నారు.

పోటీకి మూడు రోజుల ముందు, ఎవరు ఎంతసేపు ఆడారో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ గడువు అయిపోయింది. అది కొన్నాళ్లే ఉచితంగా నడిచే ట్రయల్ కాపీ. కొనాలి, లేదా సార్ అన్నట్టు ఉచితంగా దొరికే వేరేది వేసుకోవాలి. పోటీ హడావిడిలో నాకు ఓపిక లేక, ఎవరో చెప్పిన ఉపాయం చేశాను. కౌంటర్ కంప్యూటర్ తేదీని నెల రోజులు వెనక్కి జరిపాను. అది నెట్‌ను చూసి తనంతట తాను సరిదిద్దుకోకుండా ఆపేశాను. ట్రయల్ మళ్లీ నడిచింది. మా తెర మూలన గంటలే కనిపించేవి, తేదీ కనిపించేది కాదు. సార్ తిడతారని ఆయనకు చెప్పలేదు, డబ్బు కట్టి కొన్నాననే ఆయన అనుకున్నారు.

పోటీ రోజు పొద్దున సార్ ఏడింటికే వచ్చారు. కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే అన్నీ పచ్చగా ఉన్నాయి. "ఒక్కసారి ఆట తెరిచి చూస్త" అని కూర్చోబోయారు.

"పచ్చగనే ఉన్నయి గద సార్. నిన్న సాయంత్రం ఆడి చూసిర్రు గద. ముందుగాల బ్యానర్ కట్టుర్రి, పెద్దసార్ వచ్చే టైమైంది" అన్నాను. ఆయన ఒక క్షణం తెరవైపు చూసి, నా మాట కాదనలేక నిచ్చెన తీసుకుని వెళ్లారు.

పదింటికి నలభై మంది నిలబడి చూస్తుండగా పది కంప్యూటర్లలో ఆట తెరిచారు. పదీ అప్‌డేట్ అడిగాయి. రాత్రికి రాత్రే కొత్తది వచ్చిందట. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత అరిచారు. అచ్చంపేట పిల్లాడి తండ్రి "బస్సు కిరాయి పెట్టుకోని వస్తే గిదేనా?" అన్నాడు. కాలేజీ పెద్దమనిషి నా వైపు తిరిగి నింపాదిగా అడిగాడు: "ఇవన్నీ ఎవరు చూస్కుంటరు?"

నాకు అప్పటికే అర్థమైంది. తేదీ వెనక్కి పోవడంతో, చివరిసారి వెతికిన రోజు ఆ గుర్తులు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇంకా రాని రోజైంది. నెల గడిస్తే గానీ తనకు పని లేదనుకుని కూర్చుంది. మేం చూసిన పచ్చ గుర్తులు మూడు రోజుల కిందటివి.

"సామేలు సారే చూస్కుంటరు. అంత ఆయనకే అప్పజెప్పిన" అన్నాను.

సార్ నిచ్చెన పక్కన చేతిలో తాడుతో నిలబడి ఉన్నారు. "పచ్చగనే ఉండె. పొద్దుగాల చూసిన" అన్నారు, ఎవరితోనో తెలియకుండా. వెనక నుంచి ఎవరో, "ఎవర్ని వడితే వాళ్లను కుర్సీల కూసోవెడ్తే గిట్లనే ఉంటది" అన్నారు. ఆ మాట దేని గురించో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పెద్దమనిషి రిబ్బను కత్తిరించకుండానే మెట్లు దిగిపోయాడు. ఆ ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.

జనం వెళ్లిపోయాక సార్ కౌంటర్ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఇంకో ఐదు నిమిషాలుంటే కనిపెట్టేవారే. "ఇయ్యాల వద్దు సార్, ఇంటికి పోర్రి" అని దాదాపు లేపి పంపాను. ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక తేదీ సరిచేశాను. నిమిషంలో పచ్చ గుర్తులు ఒక్కొక్కటే పసుపు అయ్యాయి. లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఆ రాత్రే డబ్బు కట్టి కొన్నాను.

మరుసటి రోజు ఆయన వచ్చి చూస్తే అది చక్కగా పని చేస్తోంది. ఆయనకు అదే అసలు శిక్ష అయింది. పాడైనదాన్ని బాగుచేయగలరు గానీ, బాగున్నదానిలో తప్పెక్కడ వెతుకుతారు? నెట్ తీగ పీకి చూశారు, మళ్లీ పెట్టారు. చివరికి ఎప్పుడూ చేయనిది, మొత్తం తీసేసి మళ్లీ వేశారు. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని మెల్లగా అడిగారు. "మల్లేశూ, గా పోటీకి ముందుగాల నువ్వు దీని మీద ఏమన్న చేసినవా? కోపానికి అడుగుతలేను. తెలుస్తలేదు, అందుకే."

"ఏం చెయ్యలే సార్" అన్నాను.

నలభై మంది ముందు భయంతో అన్న మాట ఒకటి. ఎవరూ లేని గదిలో, నన్ను నమ్మి అడిగిన మనిషితో అన్నది ఇది. నాకు రెండోదే ఎక్కువ బరువు. ఆ తర్వాత ఆయన ప్రతి ఆటనూ మూడుసార్లు తెరిచి చూడటం మొదలుపెట్టారు. పిల్లలకు అదొక ఆట అయింది. లోపలికి వస్తూనే "సార్, పచ్చగుందా?" అనేవాళ్లు. రెండు నెలలకు ఆయన మోత్కూర్‌లో ఉండే కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. కొన్నాళ్లకు అందరి చేతుల్లోకి ఫోన్ ఆటలొచ్చి నా సెంటర్ కూడా మూతపడింది.

ఆమె పెళ్లి ఫోటోలు తీసిచ్చిన వారానికి నేను మోత్కూర్ వెళ్లాను. సార్ అల్లుడి బట్టల దుకాణంలో కూర్చుని ఉన్నారు. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి చాయ్ చెప్పించారు. బిల్లు కంప్యూటర్ మీద కొడుతున్న అల్లుడు, "మామ దీన్ని ముట్టనే ముట్టడన్నా, ఎంత చెప్పినా వినడు" అన్నాడు. అతను లోపలికి వెళ్లాక మొత్తం చెప్పాను.

సార్ కోప్పడలేదు. కొంచెం ముందుకు వంగారు. "ఎన్ని రోజులు ఎనుకకు జరిపినవ్?"

"నెల సార్."

"నెట్ చూసి సరి చేస్కోకుండ ఆపినవా?"

"ఆపిన."

ఆయన కళ్లు మూసుకుని లోపల ఏదో లెక్క చూసుకున్నారు. "అంటే నెల దాంక దానికి పనే లేదు" అన్నారు. ఒక్క క్షణం ఆయన ముఖంలో పాత సార్ కనిపించారు. తర్వాత ఆ వెలుగు పోయింది. "నేను అన్ని చూసిన. తేదీ ఒక్కటి చూడలే. గిన్నేండ్లు నా కండ్లే మోసం చేసినయనుకున్న మల్లేశూ. మిషన్ మీద చెయ్యి పెడితే భయమైతుండె."

క్షమించమన్నాను.

"గప్పుడు నలభై మంది ముందట అన్నవ్. ఇప్పుడు నా ఒక్కని చెవుల చెప్తున్నవ్" అన్నారు. దుకాణంలోకి ఎవరో లంగా గుడ్డ కోసం వస్తే లేచి వాళ్ల వైపు వెళ్లారు.

తిరిగి వచ్చాక కల్వకుర్తి వెళ్లి ఆ కాలేజీ పెద్దమనిషిని కలిశాను. అంతా విని, "ఏ సామేలు?" అని అడిగాడు. ఆనాటి పిల్లల్లో దొరికిన ఇద్దరు ముగ్గురికి చెబితే, "ఇంక గదే పట్టుకోని ఉన్నవా అన్నా?" అని నవ్వారు. వాళ్లు మరిచిపోయారు గనుక తప్పు చెరిగిపోయిందని అనుకోలేను, ఆయన మరిచిపోలేదు కాబట్టి. నలభై మందిని ఇప్పుడు ఒకచోటికి చేర్చలేను. అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు సామేలు సార్ చూసింది సరిగ్గానే చూశారు.

మోత్కూర్ నుంచి వచ్చాక షాపులో ఏదైనా చెడిపోతే, పనిచేసే అమ్మాయిని నువ్వేం చేశావని అడగడం మానేశాను. ముందు నేను దాని మీద ఏం చేశానో గట్టిగా, వరుసలో ఉన్నవాళ్లకు వినబడేలా చెబుతాను. చిన్న విషయమే అయినా, చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ రోజు సార్ నిచ్చెన పక్కన నిలబడి ఉండగా, నిజం చెప్పడానికి నాకు కావలసింది కూడా అంత సమయమే.