మా తోటకు జరిగిన శ్రమదానం

ఆ రోజుల్లో మొక్క అంటే కుండీలో ఉన్నదే మొక్క. ఎవరూ నీళ్లు పోయకుండా తనంతట తాను నేలమీద నిలబడేదంతా కంపే. ఈ సంగతి తెలియని వయసులో, బోగోలు దాటి సముద్రం వైపు విశ్వవిద్యాలయం వాళ్లు కట్టిన కొత్త భవనం దగ్గర నేను తాత్కాలిక ఓవర్సీరుగా చేరాను. భవనం చుట్టూ తోట వేయించడం నా పని. పెద్ద ఇంజనీరుగారు పంపిన గులాబీలు, క్రోటన్లు ఉప్పుగాలికి రెండోసారి కూడా మాడిపోయాక, "ఈ నేలలో పుట్టినవే వేద్దాం సార్" అని ధైర్యం చేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సరే. ఏడాదయ్యాక వచ్చి చూస్తాను. బాగుంటే నీ ఉద్యోగం ఖాయం. లేకపోతే నువ్వూ ఆ గులాబీల దారే" అన్నారు.

ఇక ఆగుతానా! గాలి కొట్టే వైపు కానుగ, దాని ముందు వావిలి, గోడల వెంట తంగేడు. ఒక్కో మొక్కకూ మధ్య దూరం టేపు పెట్టి కొలిచాను (తంగేడుకు టేపు పట్టిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను). ఏడాదికల్లా అన్నీ నడుమెత్తు లేచాయి. నా కంటికి అది నందనవనం. చూసేవాళ్లకు ఎలా ఉందో అడగాలని మాత్రం తోచలేదు.

ఇంజనీరుగారు వస్తున్నారని కబురు రాగానే, మొక్కల పేర్లు రాయించిన రేకులు తేవడానికి నెల్లూరు వెళ్లాను. మర్నాడు ఆ రేకులు చంకన పెట్టుకుని బస్సు దిగి చూస్తే భవనం ముందు ఇసుక తప్ప ఏమీ లేదు. కొడవళ్లు పట్టుకున్న విద్యార్థుల మధ్య ఊరి హైస్కూలు డ్రిల్లు మాస్టారు (నోట్లో విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు గనక మాకు విజిల్ మాస్టారు) చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

"వచ్చినావా అబ్బయా! పెద్దాయన ఈ కంప చూస్తే నీ ఉద్యోగం ఏమైపోవాల? అందుకే పిల్లకాయల చేత శ్రమదానం చేయించినా. అద్దం మాదిరుండాది చూడు!"

"మాస్టారూ, తోట అదే."

విజిల్ జారి కిందపడింది. "తోటా? మరి పూలకుండీలు యాడుండాయి?" నన్ను ఓదారుస్తున్నట్టు, "పీకుదామంటే వేళ్లు రాలేదులే. మొదలుకంటా కోసినాం, అంతే" అన్నారు. పాపం, తప్పు దిద్దుకుందామని ఒక్కో మోడు ముందూ ఒక్కో పేరు రేకు తనే పాతి, వెనక్కి జరిగి చూసి తల గోక్కున్నారు. "ఏందబ్బయా, మా చర్చి వెనక సమాధుల తోట మాదిరుండాదే!"

నేను వెళ్లి పెట్టె సర్దుకున్నాను. అంతలో వాయుగుండం పట్టుకుంది. రోడ్లు తెగాయి, ఇంజనీరుగారి రాక వాయిదా పడింది. వాన వెలిసేసరికి కోసిన ప్రతి మొదలు నుంచీ గుప్పెడేసి చిగుళ్లు! ఆయన వీలు చూసుకుని వచ్చేసరికి చలికాలం. ఒక్కో పొదా గుండ్రంగా, ఒత్తుగా, అక్కడక్కడ పసుపు పూలతో ఉంది. ఆయన వంగి మొదళ్లు పరీక్షించి, "ఇంత అదురూబెదురూ లేకుండా కోసిందెవరయ్యా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపు విజిల్ మాస్టారు ముందుకొచ్చారు. "మా పిల్లకాయలే సార్! ఒక్క పూటలో కోసేసినారు."

"మంచిది. ఏటా వానలకు ముందు ఇలాగే కోయించండి" అని, నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత చాలా తోటలు వేశాను, కుర్రాళ్లకు పాఠాలూ చెప్పాను. కానీ వాన వెలిసిన ఆ ఉదయం తడి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, చిగుళ్లు లెక్కపెట్టబోయి, మధ్యలో లెక్క తప్పి, ఒంటరిగా పకపకా నవ్వేసిన ఆనాటి కుర్ర ఓవర్సీరు తలపుకొస్తే, వాడంత సంతోషంగా నేను ఏ తోటనూ మళ్లీ చూడలేదనిపిస్తుంది.