సోమవారం ఊగే కారు

కరీముల్లాకు అరవై రెండేళ్లు. ముత్తుకూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాడు. అంతకుముందు కోవూరు వైపు పొలాల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఎవరూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పలేదు. విప్పాడు, చూశాడు, మళ్లీ బిగించాడు. మిగిలిపోయిన నట్టు ఎక్కడిదో తెలుసుకోవడమే తన చదువు అంటాడు. ఈమధ్య మోకాళ్లు మాట వినడం లేదు. కారు కింద దూరితే పైకి లేవడానికి బంపరు పట్టుకోవాలి. లేచాక కాసేపు ఏ పనీ ముట్టకుండా అలా నిలబడిపోతాడు.

ఆ సోమవారం మధ్యాహ్నం హజరత్తయ్య కారు షెడ్డు ముందు ఆగితే కరీముల్లా స్టూలు మీంచి కదల్లేదు. నెలలో ఇది మూడోసారి.

కరీముల్లా భార్య షాజాదీ బేగం టీ గ్లాసులతో బయటికి వచ్చింది. "ఏమయ్యా హజరత్తయ్యా, నీ డ్యూటీ కరెంటు ప్లాంటుకా, మా ఇంటికా?"

"నవ్వబాక అక్కా. రేపటితో ఆ డ్యూటీ కూడా పోయేటట్టుండాది."

ప్లాంటులో పనిచేసే ముగ్గురు ఇంజనీర్లను నెల్లూరు నుంచి షిఫ్టుకు తీసుకెళ్లి, తీసుకురావడమే హజరత్తయ్య బతుకుతెరువు. యాక్సిలరేటర్ తొక్కితే చాలు, కారు వణికిపోతోంది. రేపు పొద్దున కూడా ఇలాగే ఊగితే ఎల్లుండికి వేరే బండి మాట్లాడుకుంటామని వాళ్లు ఆ పొద్దునే చెప్పేశారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఇంజన్‌ను మోసే రబ్బరు మౌంటింగ్ చీలి ఉంటే కరీముల్లా మార్చాడు. రెండోసారి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు కాస్త అరిగి కనిపిస్తే అదీ మార్చాడు. రెండుసార్లూ నడిపి చూస్తే కారు నున్నగా పోయింది. నిజానికి విప్పకముందు కూడా తన చేతిలో అది ఊగలేదు. ఆ సంగతి అప్పుడే అడగాల్సింది. అడగడానికి ఓపిక లేక స్పానర్ తీసుకున్నాడు.

ఈసారి స్పానర్ తీయలేదు. "నువ్వు నడుపు, నేను పక్కన కూచుంటా" అన్నాడు.

పోర్టు రోడ్డెక్కారు. నలభై దాటి తొక్కేసరికి కంకర మీద పోతున్నట్టు సీటు అదిరింది.

"కాలు తియ్."

తీశాడు. అదురు ఆగిపోయింది.

"చక్రాలదైతే కాలు తీసినా అదురుతాది అబ్బయ్యా. ఇది ఇంజనే. బలం అడిగేటప్పటికి ఒక సిలిండరు పని ఎగ్గొడతా ఉండాది."

"మరి నీకాడికొచ్చినప్పుడు బుద్ధిగా ఎందుకుండాదంట?"

"ఏ రోజు తెచ్చినావు?"

"రెండుసార్లూ గురువారమే. నాకు సెలవు ఆ రోజే గదా."

"ఎక్కువ ఊగేది ఏ రోజు?"

హజరత్తయ్య ఆలోచించాడు. "సోమవారం. మంగళవారం కొంచెం. సార్లు ఆదివారం కోడికూర తిని బరువెక్కొస్తారేమో."

కరీముల్లా నవ్వలేదు. "ఆదివారం బండిని ఏం చేస్తావు నువ్వు?"

"ఏం చేస్తా? సాయంత్రం బానెట్ ఎత్తి, బోరు మోటారు పైపుతో ఇంజన్ కడగతా. నువ్వే గదన్నా చెప్పింది."

కరీముల్లా కారును షెడ్డు వైపు తిప్పమన్నాడు. చెప్పిన మాట నిజమే. పదేళ్ల కిందట, ఉప్పుగాలికి ఇంజన్లు తుప్పుపడుతున్నాయని, వారానికోసారి నీళ్లు కొట్టమని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. కొందరు విని మరిచిపోయారు. హజరత్తయ్య ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

షెడ్డుకు వచ్చి, స్పార్క్ ప్లగ్గుల మీద కూర్చుని వాటికి కరెంటు అందించే కాయిళ్లు ఒక్కొక్కటే పైకి లాగాడు. మూడోదాని రబ్బరు తడిగా వచ్చింది. దాని మీద వెంట్రుకంత సన్నని పగులు. ప్లగ్గు కూర్చునే గుంతలో అడుగున నీళ్లు, అంచున తెల్లటి ఉప్పు గీత. నిప్పురవ్వ ప్లగ్గుకు చేరకుండా ఆ పగులులోంచి పక్కకు పారిపోతోంది. ఇంజన్ వేడికి నీళ్లు ఆరేసరికి బుధవారం అవుతుంది. గురువారం కారు బుద్ధిమంతురాలు.

గుంతల్లో గాలి కొట్టి ఆరబెట్టాడు. కొత్త కాయిల్, కొత్త ప్లగ్గు వేశాడు. మళ్లీ పోర్టు రోడ్డుకు పోయి, ఎనభై దాకా తొక్కించాడు. సీటు కదల్లేదు.

"నేను చెప్పిందే నీ బండిని చెరిపింది" అన్నాడు కరీముల్లా.

"నువ్వు చెప్పినప్పుడు మా బోరులో తీపి నీళ్లేనన్నా. రొయ్యల గుంటలు వచ్చినాక గదా ఉప్పు తిరిగింది."

"నీళ్లు మారినాయని నాకు తెలుసు. నీకు చెప్పాలని తోచలా." అంతలోనే అడిగాడు. "ఇంకెవరితోనన్నా అన్నావా ఈ కడగడం సంగతి?"

"కార్ల స్టాండులో డ్రైవర్లందరికీ. కరీమన్న మాట అని చెప్పే చెప్పినా."

మర్నాడు పొద్దున ఏడున్నరకు ఫోన్ మోగింది. హజరత్తయ్య ప్లాంటు గేటు దగ్గరి నుంచి మాట్లాడుతున్నాడు. "ముగ్గురూ నిద్రపోయినారన్నా. గేటుకాడ నేనే లేపినా. సాయంత్రం ఆరుకు రమ్మన్నారు."

"మంచిది. ఇంక ఇంజన్ మీద నీళ్లు పొయ్యబాక. తడిగుడ్డతో తుడువు, చాలు."

ఫోన్ పెట్టేసి కరీముల్లా చెప్పులు వెతుక్కున్నాడు. షెడ్డు తెరవకుండా ఎక్కడికని షాజాదీ బేగం అడిగింది.

"స్టాండుకి. పదిమంది దాకా ఉంటారు" అని గోడ పట్టుకుని మెట్టు దిగాడు.