లింగంపల్లి గదిలో కనిపించని ఫైలు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహా సంగ్రామం. ఇద్దరు వీరులు, ఒక దుర్భేద్యమైన కోట, సూర్యాస్తమయం లోగా తేలాల్సిన జయాపజయాలు. కాస్త సర్దుకుని కూర్చోండి.

అక్కర్లేదు, మామూలుగానే కూర్చోండి. లింగంపల్లిలో మేం కిరాయికున్న గదిలో ఒక ఆదివారం ఒక ఫైలు దొరకలేదు, అంతే.

కొన్నేళ్ళ కిందటి మాట. నాతో గదిలో ఉండేవాడు భీమవరం వైపు నుంచి వచ్చాడు. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ, నెల రోజులు పని చూసి తీసుకుంటామంది. నెల అయిపోయింది. సోమవారం పొద్దున వాడు తన లాప్‌టాప్‌లో ఒక షాపింగ్ వెబ్‌సైటు నడిపి చూపించాలి. నడిస్తే ఉద్యోగం, లేకపోతే ఊరికి రైలు. నాకు స్నేహం ఒకటే కాదు, స్వార్థమూ ఉంది. గదిలో పప్పుచారు పెట్టడం వచ్చింది వాడొక్కడికే.

వెబ్‌సైటు సొంత కంప్యూటర్‌లో నడవాలంటే లోకల్ సర్వర్ అనే ప్రోగ్రాం ఉండాలి. వాడి దగ్గర కాలేజీ రోజుల నాటి పాతది ఉంది. సైటు సాఫ్ట్‌వేర్‌ని ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇన్‌స్టాల్ నొక్కితే, ఫలానా ఫైలు లేదని వచ్చేది. ఫోల్డర్ తెరిస్తే అది మా కళ్ళ ముందే ఉండేది. మళ్ళీ నొక్కితే మళ్ళీ లేదు. మన చేతిలో కాగితం చూస్తూనే కాగితం లేదని చెప్పే కౌంటర్ గుమస్తా లాగా.

మూడుసార్లు డౌన్‌లోడ్ చేశాం. యాంటీవైరస్ మింగేసిందేమోనని దాన్ని ఆపాం. ఇంటర్నెట్‌లో వెతికితే సరిగ్గా ఇదే బాధ పడిన ఒకాయన దొరికాడు. చివర్లో 'సమస్య తీరింది, ధన్యవాదాలు' అని రాసి వెళ్ళిపోయాడు. ఎలా తీరిందో రాయలేదు. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

నాలుగింటికి వాడు లాప్‌టాప్ అలాగే వదిలేసి బ్యాగు సర్దడం మొదలుపెట్టాడు. నాలుగు చొక్కాలున్నవాడు ఎంత విషాదంగా సర్దినా ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

అప్పుడు కింద ఇంట్లో ఉండే ఓనరమ్మ చాయ్ తీసుకుని పైకి వచ్చింది. ఆమెకు ఇంగ్లిష్ రాదు, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. గ్లాసులు పెట్టి తెర వైపు వంగింది.

"శ్రీ," అని చదివింది. "మంచిగ రాసినవ్ బిడ్డా. నాకు సమజైంది గిదొక్కటే."

నేనూ వంగి చూశాను. కొత్త పని కదా అని వాడు, నోటు పుస్తకం మొదటి పేజీ మీద రాసినట్టు, ఫోల్డర్‌కి తెలుగు అక్షరాల్లో శ్రీ అని పేరు పెట్టాడు. ఆ పాత సర్వర్‌కి ఇంగ్లిష్ అక్షరాలు తప్ప తెలియవు. పేరు చదవలేక, ఫోల్డర్‌లోకి వెళ్ళలేక, ఫైలు లేదని మొత్తుకుంటోంది. ఇద్దరు ఇంజనీర్లం పొద్దుటి నుంచీ లోపలే వెతికాం.

పేరు మార్చమంటే వాడు మౌస్ వదిలేశాడు. "శ్రీకారం చెరిపేసి ఉద్యోగానికి వెళ్ళమంటావేంట్రా?"

"చెరపకు, ఇంగ్లిష్ల రాయి," అన్నాను. "దేవుడు రెండూ చదువుతడు. నీ సర్వర్ ఒకటే చదువుతది."

వాడు లెంపలేసుకుని పేరు మార్చి, మళ్ళీ ఇన్‌స్టాల్ నొక్కాడు. ఆకుపచ్చ గీత చివరిదాకా వెళ్ళింది. ఓనరమ్మ, అయిపోయిందా అని అడిగి, గ్లాసులు కడిగి తెమ్మని చెప్పి కిందికి దిగింది. వాడు చొక్కాలు మళ్ళీ కొక్కేలకు తగిలించాడు.

వాణ్ణి తీసుకున్నారు. ఇప్పుడు వాడు రాయదుర్గం దగ్గర ఒక అద్దాల భవనంలో, నేను కొండాపూర్‌లో. దగ్గరే, అందుకే కలవం. ఈ రోజుల్లో ఒక్క నొక్కుతో సైటు లేచి నిలబడుతుంది, ఏ ఫైలూ తప్పిపోదు, దాని కోసం ఇద్దరు మనుషులు ఆదివారమంతా ఒకే తెర ముందు భుజాలు రాసుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఆ లాప్‌టాప్ ఫ్యాను రొద, పక్కన పప్పు ఉడికే వాసన గుర్తొస్తే ఏదైనా ఒకటి దొరక్కుండా పోతే బాగుండనిపిస్తుంది.

అన్నట్టు, ఆ రోజుల్లో అలాంటి సైటు ఇన్‌స్టాల్ అయ్యాక, దాన్ని నిలబెట్టిన ఇన్‌స్టాలేషన్ ఫోల్డర్‌నే డిలీట్ చెయ్యాలి. లేకపోతే సైటు తెరుచుకోదు.