అవ్వ ఇచ్చిన గాజులు

ఎనభైల మొదట్లో నాన్నకు రాయికోడ్ నుంచి జహీరాబాద్ సర్కారు దవాఖానకు బదిలీ అయింది. అక్కడ ఆయన డ్రెస్సర్. పుండ్లు కడిగి, మందు రాసి, కట్టు కట్టడం ఆయన పని. నాకప్పుడు పదేళ్ళు. బస్టాండు వెనుక వీధిలో ఒక పెంకుటింటి వెనుక భాగం మాకు కిరాయికి దొరికింది. ముందు భాగంలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. వయసు యాభై దాటి ఉంటుంది. భర్త పోయి మూడేళ్ళయిందని చుట్టుపక్కల వాళ్ళు చెప్పారు. వీధిలో అందరూ ఆవిడను అవ్వ అనేవారు, మేమూ అలాగే పిలిచాం. కిరాయి మాట్లాడేటప్పుడు ఆవిడ అడిగింది ఒకటే మాట: "మీ పండుగకు మైకు గిట్ల పెట్టరు గద?" పెట్టమని నాన్న మాటిచ్చాడు.

రాయికోడ్‌లో క్రిస్మస్ అంటే మా వాడంతా కలిసి చర్చిని అలంకరించేది. ఎవరి ఇంటికి వాళ్ళు విడిగా ఏమీ చేసుకునేవాళ్ళం కాదు. ఇక్కడ చర్చి పెద్దది, మాకు తెలిసిన మొహాలు తక్కువ. "ఈసారి ఇల్లే సింగారిద్దాం" అంది అమ్మ. బజారులో పట్నం నుంచి వచ్చిన తళుకు దండలు వేలాడుతున్నాయి. అమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకొని, ఎలా చేశారో అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి పెట్టేసింది. "గివి మనకు చేయరాదా?" అంది.

నాన్న ఊరి బయట నుంచి ఒక తుమ్మ కొమ్మ కొట్టుకొచ్చాడు. దానికి సున్నం పూసి, ఇసుక నింపిన పాత నూనె డబ్బాలో నిలబెట్టాం. ముళ్ళు ఉండటం మంచిదే అయింది, దేన్నైనా సూదికి గుచ్చినట్టు గుచ్చొచ్చు. మంచులాగా దూది పెడదామని నేనంటే, దవాఖాన నుంచి తేవడానికి నాన్న ఒప్పుకోలేదు. "అది పుండ్ల మీదికిచ్చిన దూది బిడ్డా, చెట్టు మీదికి కాదు" అన్నాడు. అమ్మ చినిగిన దిండు ఒకటి విప్పింది. ప్రింటింగ్ ప్రెస్సులో తప్పు పడ్డాయని పారేసిన పెళ్ళి కార్డులను నాన్న అడిగి తెచ్చాడు. వాటి బంగారు అంచులు కత్తిరించి నక్షత్రాలు చేశాం. కార్డు మీద వినాయకుడున్న చోట అమ్మ కత్తెర పెట్టనివ్వలేదు. ఆ ముక్కలన్నీ జాగ్రత్తగా తీసి అవ్వకు ఇచ్చి వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చినవి సూదిమందు సీసాలు. ఖాళీవి, పారేసేవి. నాన్న తెస్తే అమ్మ వాటిని ఉడకబెట్టి కడిగింది. నేను వాటిలో పసుపు నీళ్ళు, నీలిమందు నీళ్ళు, ఎర్ర సిరా కలిపిన నీళ్ళు పోసి మూతలు బిగించాను. వసారా చూరుకు దారాలతో వరసగా కట్టాం. పొద్దుటి ఎండ పడితే గోడ మీద రంగులు కదిలేవి.

అవ్వ నీళ్ళకని పెరట్లోకి వచ్చి వాటిని చూసింది. చేతిలో బిందె కింద పెట్టింది.

"గవి తీసెయ్యున్రి" అంది.

"ఎందుకవ్వా? ఉడకబెట్టి కడిగినం" అంది అమ్మ.

"కడిగితే ఏంది, సూది సీసలే గద. నా ఇంట్ల వద్దు."

నీళ్ళు పట్టుకోకుండానే లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. "మన పండుగ ఆమెకు పడది" అన్నాను, గోడ అవతలికి వినిపించేంత గట్టిగా. అమ్మ నా నోరు మూసింది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన నాన్న సంగతి విన్నాడు. స్టూలు ఎక్కి ఒక్కో సీసా విప్పాడు. "అడిగి కట్టవలసింది మనం" అన్నాడు దిగుతూ.

సాయంత్రం అమ్మ అవ్వ దగ్గరికి వెళ్ళింది. నేను కొంగు పట్టుకొని వెనకే వెళ్ళాను. అవ్వ గడప దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అమ్మ పక్కన కూర్చొని తనూ ఒలవడం మొదలుపెట్టింది. అవ్వే ముందు మాట్లాడింది.

"మా ఆయినకు కాలుకు పుండయింది. పట్నం దవాఖాన్ల రెండు నెలలున్నం. మంచం కింద గిట్లనే సీసలు. నేనే ఊడ్చేదాన్ని. తెల్లారేసరికి మళ్ళ జమ అయ్యేటియి. కాలు తీసేసిన్రు. అయినా మనిషి దక్కలే."

"నాకు తెల్వదవ్వా" అంది అమ్మ.

"నీకెట్ల తెలుస్తది."

తర్వాత ఆవిడ లోపలికి వెళ్ళి, రేకు పెట్టెలోంచి ఒక గుడ్డ మూట తెచ్చింది. విప్పితే గాజులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బంగారు చుక్కలవి. వేసుకున్న గుర్తు కూడా లేదు చాలా వాటికి.

"జాతరల పొంటి ఆయిన కొన్నయి. చేతులకున్నయి ఆనాడు పగలగొట్టిన్రు. పెట్టెల ఉన్నయి ఎవ్వలు అడుగలే" అంది. "ఈ పోరికి పెద్దగయితయి. మీ పండుగకు కట్టుకోన్రి."

"వద్దవ్వా, నీ తాననే ఉండనీ."

"ఉండి ఏం జేస్తయి పెట్టెల? జర వెలుతురు జూడనీ."

అమ్మ రెండు చేతులతో ఆ మూట అందుకుంది. పగలగొట్టడం అంటే ఏమిటో నాకు ఆ వయసులో సగమే అర్థమైంది. కళ్ళు తడిసినా ఇద్దరూ నా ముందు తుడుచుకోకపోవడం మాత్రం గమనించాను.

పసుపు దారంతో గాజులు గుచ్చి అమ్మ మా వాకిలికి తోరణం కట్టింది. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి మోగేవి. పండుగకు ముందు రోజు కోహీర్ నుంచి అవ్వ తమ్ముడు వచ్చాడు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ తోరణం వైపు చూశాడు.

"ఎవలియి గవి?"

అమ్మ తడబడింది. పాత సామాన్ల కబాడీ కొట్లో దొరికాయని చెప్పబోతోందని నాకు తెలిసింది. అవ్వ అందుకుంది.

"నాయే."

"నీ గాజులా? తీసుకపొయ్యి వీళ్ళ దర్వాజకు కట్టినవా?"

"దర్వాజకే గద కట్టింది, నా చేతికి కాదు. నీకేం తక్లీఫ్?"

ఆయన టీ తాగి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ రోజు చర్చి నుంచి వచ్చాక అమ్మ గారెలు, నువ్వుల లడ్డూలు పళ్ళెంలో పెట్టుకొని అవ్వ దగ్గరికి బయలుదేరబోతుంటే, ఆవిడే మా వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. చెయ్యెత్తి ఒక ఆకుపచ్చ గాజును పట్టుకుంది.

"ఇది బీదర్‌ల కొన్నది. బేరం చేయకుంట కొన్నడు. ఇంటికొచ్చి నేను కోపం జేస్తే అన్నం తినలే."

తర్వాత ఎర్రది, తర్వాత నీలం. ఏ జాతరలో, ఏ వానలో, ఎవరితో గొడవపడి కొన్నాడో ఒక్కోటీ చెప్పుకుంటూ వచ్చింది. అమ్మ పీట వేసింది. అవ్వ కూర్చుంది. మధ్యలో ఒకసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మేము వచ్చిన ఆర్నెల్లలో ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. తెచ్చిన టీ చల్లారిపోతే అమ్మ వేడి చేసి మళ్ళీ తెచ్చింది.

ఆ ఇంట్లో నాలుగేళ్ళున్నాం. పండుగ అయిపోగానే అమ్మ గాజులు తుడిచి మూటగట్టి ఇచ్చేది. మరుసటి డిసెంబరులో అడగకుండానే అవ్వ తెచ్చి ఇచ్చేది. గాజులు అవే అయినా, వాటి కథలు ఏటా కొత్తవి చెప్పేది. అందులో కొన్ని అప్పటికప్పుడు అల్లినవేమో అనేవాడు నాన్న. అమ్మ ఒప్పుకునేది కాదు.